ఫ్రీ ట్రయల్‌కి ముందే ఆటోపే ఎందుకడుగుతున్నారు?

బెంగళూరు మారతహళ్లి పీజీల్లో మన తెలుగు కుర్రాళ్లని కదిపితే చాలామంది ఒకే గోడు చెబుతారు. ఏడు రోజులు ఫ్రీ అన్నారని యూపీఐ పిన్ కొట్టారు, నచ్చక యాప్ తీసేశారు, ఎనిమిదో రోజు ఖాతాలో డబ్బు పోయింది. యాప్ తీసేస్తే ఆటోపే (గడువు రాగానే ఖాతాలోంచి దానంతటదే డబ్బు తీసుకునే అనుమతి) కూడా రద్దవుతుందనుకోవడం సహజమే, కానీ రద్దవదు. వాడి చూసి కొనుక్కోమనే పద్ధతి ఎప్పుడూ ఇలా లేదు.

1982లో అమెరికాలో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ పీసీ-టాక్ అనే ప్రోగ్రాం రాశాడు. ఫోన్ లైను మీద ఒక కంప్యూటర్‌ని ఇంకోదానితో కలిపేది. దాన్ని ఆయన దుకాణాల్లో అమ్మలేదు. కాపీ చేసుకోండి, పదిమందికీ ఇవ్వండి, పనికొస్తే 25 డాలర్లు పంపండి అన్నాడు. అదే కాలంలో జిమ్ బటన్‌గా పేరుపడ్డ ఐబీఎం ఉద్యోగి, సమాచారం దాచుకునే పీసీ-ఫైల్ ప్రోగ్రాంని ఇలాగే వదిలాడు. ఒకరి సంగతి ఒకరికి తెలిశాక ఇద్దరూ ధర కూడా ఒకటే పెట్టుకున్నారు. మైక్రోసాఫ్ట్ తొలి ఉద్యోగుల్లో ఒకడైన బాబ్ వాలెస్ 1983లో బయటికొచ్చి, రాతపనికి వాడే పీసీ-రైట్ ప్రోగ్రాంతో వీళ్లని మించిపోయాడు. మీరిచ్చిన కాపీ చూసి ఇంకొకరు డబ్బు కడితే అందులో 25 డాలర్లు మీకే పంపిస్తానన్నాడు. ఇలా ముందు పంచి, నచ్చితే డబ్బు కట్టమనే పద్ధతికి షేర్‌వేర్ అన్న పేరు జనంలో పాతుకుపోయింది ఆయనవల్లే. 1993 డిసెంబరులో డూమ్ ఆట కూడా ఈ దారిలోనే వచ్చింది: మొదటి భాగం మొత్తం ఉచితం, మిగతావి కొనుక్కోవాలి.

కంప్యూటర్ సామాన్ల బజార్లైన బెంగళూరు ఎస్పీ రోడ్డుకి, చెన్నై రిచీ స్ట్రీట్‌కి ఫ్లాపీలు, సీడీలు వచ్చాయి గానీ డబ్బు కట్టే దారి రాలేదు. మనవాళ్లకి కొనే అలవాటే లేదని తేలిగ్గా అనేస్తారు. కానీ 1995లో 25 డాలర్లంటే దాదాపు 800 రూపాయలు. అంత పెట్టగలిగినవాడికి కూడా విదేశీ మారకంపై ఫెరా చట్టం ఆంక్షలుండేవి. 2000 జూన్‌లో దాని స్థానంలో ఫెమా చట్టం వచ్చాక అవి బాగా సడలాయి. విదేశాల్లో చెల్లే కార్డు ఎంతమంది దగ్గరుండేది? ఫైళ్లని కుదించే విన్‌జిప్ ప్రోగ్రాం తెరిచినప్పుడల్లా గడువు 21 రోజులేనని గుర్తుచేసే విండో వచ్చేది, అందుకే మనం మీట నొక్కి ముందుకెళ్లేవాళ్లం. గడువు దాటినా అది పని మానేది కాదు.

షేర్‌వేర్‌లో అసలు మంచితనం అక్కడే ఉందని నేననుకుంటాను. ఏమీ చేయకుండా ఊరుకుంటే మన జేబులోంచి రూపాయి కదిలేది కాదు. కట్టాలంటే మనమే పూనుకోవాలి.

తర్వాత అమ్మకాలు చందాల వైపు మళ్లాయి. 2013లో అడోబీ తన ప్రధాన సాఫ్ట్‌వేర్లని చందాకి మార్చింది. 2016లో ఆపిల్ తన యాప్ స్టోర్లో అన్ని రకాల యాప్‌లకీ దానంతటదే కొనసాగే చందా పెట్టుకునే వీలిచ్చింది. మన దగ్గర 2020లో యూపీఐ ఆటోపే వచ్చింది. దాంతో ఊరుకుంటే డబ్బు పోయే రోజులొచ్చాయి. ట్రయల్ అన్న పేరు మారలేదు, పూచీ మాత్రం కొనేవాడి మీద పడింది. చిన్న డెవలపర్‌కి నెలనెలా రాబడి కావాలి, కాదనను. అయితే నచ్చిందో లేదో తెలియకముందే అనుమతి రాయించుకోవడం న్యాయం కాదు.

నిబంధనలు లేకపోలేదు. మళ్లీ మళ్లీ డబ్బు తీసుకునే ముందు 24 గంటల నోటీసు ఇవ్వాలన్న రిజర్వు బ్యాంకు నియమం కార్డుల విషయంలో 2021 అక్టోబరు 1 నుంచి గట్టిగా అమల్లోకొచ్చింది. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ప్రకటించిన 13 డార్క్ ప్యాటర్న్‌లలో (కొనేవాళ్లని మాయచేసే తెర ఎత్తుగడల్లో) చందా ఉచ్చు ఒకటి. ఉచిత చందాకి చెల్లింపు వివరాలో, ఆటో డెబిట్ అనుమతో బలవంతంగా అడగడం కూడా అందులోకే వస్తుంది. అయినా పిన్ అడిగే తెర మీద "ఉచితం" పెద్ద అక్షరాల్లో, ఖాతాలోంచి తీసుకోగల గరిష్ఠ మొత్తం కింద సన్నటి అక్షరాల్లో ఉండే యాప్‌లు ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నాయి. ముందు ఆ గరిష్ఠ మొత్తం చదవండి. యాప్ తీసేసే ముందు మీ యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి మాండేట్ (మీరిచ్చిన అనుమతి) రద్దు చేయండి. అప్పటికే డబ్బు పోయుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.