ఎక్కకుండానే గుట్ట ఎత్తు

చి. చిన్నికీ, చి. నానికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవుల్లో "గుట్ట ఎక్కకుండా దాని ఎత్తు ఎలా చెప్తారు తాతయ్యా?" అని అడిగారు. బస్సుకు టైమై సగంలో వదిలేశాను. ఇదిగో మిగతాది.

గుట్ట ఎదుట చదునైన పొలంలో థియోడొలైట్ (కోణాలు కొలిచే దుర్భిణి లాంటి పరికరం) పెట్టి కొన వైపు చూశాననుకోండి. ఊర్ధ్వకోణం, అంటే అడ్డంగా ఉన్న చూపును కొన దాకా పైకెత్తిన కోణం, 30 డిగ్రీలు వచ్చింది. తిన్నగా గుట్టవైపు 50 మీటర్లు జరిగి మళ్లీ చూస్తే 45. ఈ 45 ఉందే, అది మన పాలిట వరం: గుట్ట కొనకు సరిగ్గా కింద ఉన్న చోటుకు ఎంత దూరమో, ఎత్తూ అంతే. ఆ చోటు గుట్ట కడుపులో ఉంటుంది, అక్కడికి టేపు పోదు. పోనక్కర్లేదు కూడా. 30 డిగ్రీల దగ్గర దూరం ఎత్తుకు 1.732 రెట్లు. అంటే రెండు దూరాల తేడా ఎత్తులో 0.732 వంతు. ఆ తేడా మనం జరిగిన 50 మీటర్లే కదా! 50ని 0.732తో భాగిస్తే 68.3. పరికరం నేలకు 1.5 మీటర్ల పైన ఉంది, అదీ కలిపితే 69.8 మీటర్లు. పరీక్షల్లో ఈ ఒకటిన్నర మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కోణాలను సెకన్ల దాకా (సెకను అంటే ఇక్కడ డిగ్రీలో 3600వ వంతు) చూసుకుని, నేలమీద దూరాన్ని మాత్రం గట్ల మీదుగా కొలత గొలుసు వదులుగా పట్టి కొలిచేశాను. గొలుసు వేలాడితే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. పై లెక్కలో 50 దగ్గర ఒక్క మీటరు తప్పితే ఎత్తు 1.37 మీటర్లు తప్పుతుంది. మా పెద్ద సర్వేయరు గారు ఏమీ అనలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో మళ్లీ కొలిపించారు, అంతే.

అందుకే మన దేశాన్ని త్రిభుజాలతో కొలిచే పెద్ద సర్వేను మొదలుపెట్టిన విలియం లాంబ్టన్ అంటే నాకు గౌరవం. 1802లో మద్రాసు దగ్గర పరంగిమలై వద్ద ఏడున్నర మైళ్ల ఆధారరేఖ (మిగతా లెక్కలన్నిటికీ మూలమైన, నేలమీద కొలిచే మొదటి దూరం) కొలవడానికి ఆయనకు 57 రోజులు పట్టింది. ఎండకు ఉక్కు గొలుసు సాగుతుందని దాన్ని చెక్కపెట్టెల్లో పరిచి, థర్మామీటర్లు పెట్టి మరీ కొలిచారు. ఆ తర్వాత చాలావరకు కోణాలే, త్రిభుజం పక్కన త్రిభుజం. ఆ సర్వే హిమాలయాల దాకా పోయింది. నేపాల్లోకి రానివ్వకపోతే వంద మైళ్లకు పైగా దూరాన మైదానాల్లో నిలబడి ఎవరెస్టును చూశారు. రాధానాథ్ సిక్దర్ లాంటివాళ్లు లెక్కలు కట్టగా 1856లో ప్రకటించిన ఎత్తు 29,002 అడుగులు. ఇప్పటి కొలత దానికి ముప్పై అడుగులే ఎక్కువ!

దసరాకు వచ్చినప్పుడు మన ఊరి వాటర్ ట్యాంకు ఎత్తు చూద్దాం. కోణమానిని, దారం, దానికి కట్టడానికి ఒక చిన్న రాయి తెచ్చుకోండి. కోణాలు మీరు చూడండి. టేపు మాత్రం నేనే పడతాను.

మీ తాతయ్య