సేవ్ కొట్టాం సరే, సర్వర్‌కు చేరిందా?

1971లో ఎఫ్‌టీపీకి, అంటే మన కంప్యూటర్‌కూ సర్వర్‌కూ మధ్య ఫైళ్లు పంపుకునే పద్ధతికి, తొలి రూపం రాసింది మనవాడే, ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్‌లో చదివిన అభయ్ భూషణ్. ఫైలును దింపుకోవడం, ఎక్కించడం, పేరు మార్చడం, అన్నిటికీ అందులో ఆదేశాలున్నాయి. సర్వర్ మీదున్న ఫైలును అక్కడికక్కడే దిద్దే ఆదేశం మాత్రం లేదు.

అందుకే సర్వర్‌తో ఫైళ్లు మార్చుకునే విన్‌ఎస్‌సీపీ, ఫైల్‌జిల్లా లాంటి ప్రోగ్రాముల్లో ఎడిట్ నొక్కితే ఫైలు నకలు ముందు మన కంప్యూటర్లోని టెంప్ (తాత్కాలిక) ఫోల్డర్‌లోకి దిగుతుంది. ఎడిటర్ తెరిచేది ఆ నకలునే. సేవ్ కొడితే మారేదీ అదే. ఆ మార్పును కనిపెట్టి సర్వర్‌కు పంపాల్సింది ఫైలును దింపిన ప్రోగ్రాము. తంటా అంతా ఆ కనిపెట్టడంలోనే ఉంది.

కర్నూలులో ఉల్లి ధరలను వెబ్‌పేజీలో పెట్టే కుర్రాడు ఒకరోజు ఫోన్ చేశాడు: "అన్నా, పొద్దున్నే సేవ్ కొట్టినా. సైట్లో ఇంకా నిన్నటి రేటే చూపిస్తాంది." అతని ఎడిటర్ అప్పటికే తెరిచి ఉంది. అలాంటప్పుడు కొత్త ఫైలు పాత కిటికీలోనే ఇంకో ట్యాబ్‌గా తెరుచుకుంటుంది, దాన్ని తెచ్చిచ్చిన ప్రాసెస్ క్షణంలో ముగిసిపోతుంది. దాంతో ఎడిటర్ మూసేశారనుకుని ప్రోగ్రాము కాపలా మానేస్తుంది. విన్‌ఎస్‌సీపీలో ఎడిటర్ సెట్టింగుల్లో దీనికి విడిగా ఒక టిక్కు ఉంది, పెడితే సరిపోతుంది.

లినక్స్‌లో ఇంకో చిక్కు. మధ్యలో కరెంటు పోయినా ఫైలు పాడవకూడదని కొన్ని ఎడిటర్లు కొత్త ఫైలు రాసి, దానికి పాత పేరు పెడతాయి. మంచి పద్ధతే. కానీ పేరు అదే అయినా డిస్కు మీద ఐనోడ్, అంటే ఫైలును సిస్టమ్ గుర్తుపట్టే నమోదు, వేరు. పాత ఐనోడ్‌నే గమనిస్తున్న ప్రోగ్రాముకు ఈ మార్పు కంటబడదు. విమ్ అనే ఎడిటర్లో బ్యాకప్‌కాపీ (backupcopy) సెట్టింగును 'yes' చేస్తే పాత ఫైలులోనే రాస్తుంది.

తెలుగు రాసేవాళ్లు ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి, కూడా చూసుకోవాలి. 'ఉల్లి' అనే మాటకు యూనికోడ్‌లో 5 సంకేతాలు, యూటీఎఫ్-8లో 15 బైట్లు. అదే ఫైలును తెలుగు అక్షరాలు లేని పాత ఎన్‌కోడింగ్ ఆన్సీలో (ANSI) సేవ్ చేస్తే మిగిలేవి 5 ప్రశ్నార్థకాలు. సర్వర్‌కు సక్రమంగానే చేరతాయి, కానీ వాటినుంచి మళ్లీ ఉల్లిని రాబట్టలేం.

అనుమతులు లేకపోవడం, సర్వర్ డిస్కు నిండిపోవడం కూడా మామూలే. కారణం ఏదైనా, అప్‌లోడ్ కాలేదని అనుమానం వస్తే ఆ ప్రోగ్రామును మూయకండి. మూస్తే టెంప్ నకలు చెరిగిపోవచ్చు. ముందు ఎడిటర్లో 'సేవ్ యాజ్' నొక్కి ఫైలును డెస్క్‌టాప్ మీద దాచుకోండి, ఆ తర్వాతే మళ్లీ కనెక్ట్ అవ్వండి.