జల్లెడ పట్టిన ఊరు

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. దసరా సెలవులయ్యాక మీ క్లాసులో ఆరుగురు రాలేదనీ, టీచర్ అడిగితే "పుణె పోయిండ్రు" అని పక్క పిల్లలు చెప్పారనీ రాశావు. వాళ్లకు చదువంటే ఇష్టం లేదా తాతా అని అడిగావు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

మీ అవ్వ జొన్నపిండి జల్లించడం చూశావు కదా. మెత్తటి పిండి కిందికి జారుతుంది, పొట్టు పైన మిగులుతుంది. మన నారాయణపేట దిక్కు ఊళ్లు ఏటా అట్లాగే జల్లెడలో పడతాయి. సత్తువ ఉన్నవాళ్లు పుణె, ముంబై, హైదరాబాద్‌లో కట్టే బిల్డింగుల దగ్గరికి జారిపోతారు. ముసలివాళ్లం మిగులుతాం. జల్లెడ ఊపేది కూలీలను కూడగట్టి పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ. ముందే అడ్వాన్సు చేతిలో పెడతాడు. అది ఎండిపోయిన బోరు అప్పుకో, అక్క పెళ్లికో పోతుంది. ఇక ఆ పైకం తీరేదాకా పని చేయాల్సిందే. ఇంట్లో చూసుకునే పెద్దదిక్కు లేకపోతే పిండితోపాటు పసిపిల్లలూ జారిపోతారు. మీ ఆరుగురూ అట్లా పోయినవాళ్లే. ఇష్టం లేక కాదు.

కృష్ణమ్మ తెలంగాణలో అడుగుపెట్టేది మన జిల్లాలోనే. కానీ ఏరు కింద, చేను మీద.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. అక్కడ రాళ్లు మోసిన పాలమూరు కూలీల్లో మా నాయన ఒకడు. ఏడాదికోసారి వచ్చి అరుగు మీద పడుకుంటే, పిక్కల మీద రాతిపెళ్లలు కోసిన మచ్చలు వేలితో లెక్కపెట్టేవాణ్ని. ఒక ఏడాది తొమ్మిది, మరుసటి ఏడాది పద్నాలుగు. ఆ నీళ్లు మా చేనికి ఏనాడూ రాలేదు.

ఇప్పుడు ఇంకో వింత చూస్తున్నా. మక్తల్ వైపు భీమా ఎత్తిపోతల నీళ్లు వచ్చాయి. మన రాష్ట్రంలో వరి పెరిగిన చోటల్లా నాట్లకు మనుషులు చాలక, బీహార్ నుంచి గుంపులు వస్తున్నాయి. ఒక ఊరు జల్లెడ పట్టిన పిండి ఇంకో ఊరికి చేరుతోంది. ఇది ఎక్కడిదాకా పోతుందో నా ఊహకు అందదు.

ఉగాదికి నీ స్నేహితులు తిరిగొస్తే నీ నోట్సులు ఇవ్వు. "వలసోళ్లు" అని మాత్రం ఎవరినీ అననివ్వకు.

సంక్రాంతి సెలవులకు రా. యాసంగి నాట్లు పడుతుంటాయి. గట్టు మీద కూర్చుని ఆ బీహార్ కూలీల చేతులు చూడు. బువ్వ తినేవేళ దగ్గరికి పోయి నీకు వచ్చిన హిందీలో అడుగు: ఇంటి దగ్గర ఎవరున్నారు, పిల్లలు బడికి పోతున్నారా అని. వాళ్లు ఏమన్నారో నాకు వచ్చి చెప్పు.

మీ తాత