కిరాయిదారు అద్దె "ఆదా" చేయవలెను: పొదుపు మాటలపై అపోహలు, వాస్తవాలు

బ్యాంకుల కరపత్రాలు, ప్రభుత్వ ప్రకటనలు, ఒప్పంద పత్రాలు తెలుగులోకి మార్చడం నా వృత్తి. హైదరాబాదులో ఈ పనికి ఇంగ్లిషు ఒక్కటే వస్తే చాలదు. ఉర్దూ, హిందీ కాగితాలూ వస్తుంటాయి. డబ్బు తక్కువ ఖర్చు పెట్టడాన్ని చెప్పే మాటల దగ్గర జరిగినన్ని పొరపాట్లు నాకు మరెక్కడా కనబడలేదు. వాటిలో కొన్ని నావీ ఉన్నాయి.

అపోహ: పొదుపు అంటే డబ్బు దాచుకోవడం.

వాస్తవం: అది సగం అర్థమే. "పొదుపు ఖాతా"లో ఉన్నది దాచుకోవడం. "నీటిని పొదుపుగా వాడండి" అన్నప్పుడు ఎవరూ నీళ్లు దాచుకోమనడం లేదు, చూసి వాడమంటున్నారు. మొదటి అర్థం బలపడటానికి కారణాలున్నాయి. 1990లలో నెల్లూరు జిల్లా సారా వ్యతిరేక ఉద్యమం తరువాత మహిళల పొదుపు సంఘాలు ఊరూరా వ్యాపించాయి. మన దేశంలో ఏటా అక్టోబరు 30న జరిపే ప్రపంచ పొదుపు దినం కూడా 1924లో మిలాన్‌లో జరిగిన పొదుపు బ్యాంకుల మహాసభలో పుట్టినదే. బ్యాంకులు పెట్టిన పండుగ కదా, దాచుకోమనే చెబుతుంది.

చూసి వాడితే మిగులుతుందనుకోవడం జీతం వచ్చేవాళ్ల లెక్క. నెలాఖరున పప్పులో మరో చెంబు నీళ్లు పోసే ఇల్లాలిని మించిన పొదుపరి లేదు. ఆమె ఖాతాలో ఏమీ ఉండకపోవచ్చు. అలాంటివారికి పంచే కరపత్రంలో "పొదుపు అలవాటు చేసుకోండి" అని ఉంటే "నెలనెలా కొంత దాచుకోండి" అని మార్చాను. ప్రూఫులో నా మార్పు కొట్టేసి పాతదే పెట్టారు.

అపోహ: మన ఆదా, ఉర్దూ అదా ఒకటే.

వాస్తవం: ఉర్దూలో "కిరాయా అదా కర్నా" అంటే అద్దె చెల్లించడం. తెలుగులో ఆదా చేయడమంటే జేబులోంచి తీయకుండా మిగుల్చుకోవడం. ఒకసారి దిద్దడానికి వచ్చిన ఒప్పందంలో ఇలా ఉంది: "కిరాయిదారు ప్రతి నెలా 5వ తేదీలోపు అద్దె ఆదా చేయవలెను." ఏ కిరాయిదారు కాదంటాడు!

దుబారా సంగతీ ఇంతే. ఉర్దూలో అది "మళ్లీ, రెండోసారి". తెలుగు ఇంట్లో అది తిట్టు. లాడ్ బజారులో గాజులు కొన్నాక దుకాణదారు "దుబారా ఆయియే" అని మర్యాదగా పిలిస్తే, నాకు రెండు భాషల్లోనూ సరిగ్గానే వినిపిస్తుంది.

ఉర్దూలో పొదుపుకు ఉన్న మాట కిఫాయత్. దాని మూలంలో ఉన్న అర్థం "చాలినంత". తక్కువ అనే నింద, ఎక్కువ అనే గొప్ప రెండూ లేవు. దానికి సాటి వచ్చే తెలుగు మాట కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాను.

అపోహ: మితవ్యయం అంటే తక్కువ ఖర్చు.

వాస్తవం: మితం అంటే కొలిచినది. లెక్క చూసుకుని పెడితే పెద్ద ఖర్చు కూడా మితవ్యయమే.

అపోహ: లోభి, పిసినారి, కృపణుడు పర్యాయపదాలు.

వాస్తవం: పరీక్షలో మార్కులకు సరిపోతాయి. హిందీలో లోభి అంటే అత్యాశపరుడు. తెలుగులో ఎంగిలి చేత్తో కాకిని తోలనివాడు. ఆన్‌లైన్ మోసాల హెచ్చరికలో హిందీ "లోభ్" కనబడగానే "లోభానికి లోనుకాకండి" అని రాస్తారు. మోసగాడికి డబ్బు పంపకుండా గట్టిగా పట్టుకుని కూర్చునేవాడే మనకు లోభి! "ఆశపడకండి" అంటే చాలు. ఇక కృపణుడికి సంస్కృతంలో దీనుడు, జాలిపడదగినవాడు అనే అర్థమూ ఉంది. ఇంగ్లిషు మైజర్‌కు మూలమైన లాటిన్ మాటకూ అదే అర్థం. ఆ రెండు భాషలూ అతణ్ణి చూసి జాలిపడితే, తెలుగు మాత్రం "పిల్లికి బిచ్చం పెట్టడు" అని నవ్వుతుంది.

అపోహ: చౌక అంటే నాసిరకం.

వాస్తవం: నాసిరకం అయ్యేది "చౌకబారు". చౌక ధరను చెబుతుందంతే. రేషను సరుకులిచ్చేది చౌక ధరల దుకాణమే. సంగీతంలో చౌకకాలమంటే నెమ్మది నడక. బేగంబజారులో తెలంగాణవారు వాడే అగ్గువ (చౌక), పిరం (ఖరీదు) కూడా ధరల మాటలే. ఆ రెండింటినీ పత్రికల భాషలో ఇంకా ధారాళంగా వాడవచ్చునని నా అభిప్రాయం.

అపోహ: ఇవన్నీ డబ్బుకే చెల్లుతాయి.

వాస్తవం: మాటలు పొదుపుగా వాడేవాళ్లనూ మెచ్చుకుంటాం. అర్ధమాత్ర (పొట్టి అచ్చు పలికే సమయంలో సగం) మిగిలితే వ్యాకరణ పండితులు కొడుకు పుట్టినంత సంబరపడతారని సంస్కృతంలో పాత నానుడి. నాకు మాత్రం పదానికి ఇంత అని లెక్కగట్టి ఇస్తారు.