కోడిపిల్లలకు ‘సర్ది’: అపోహలు - వాస్తవాలు

చలికాలం వచ్చిందంటే నర్సంపేట, పరకాల దిక్కు నుంచి ఒకటే మాట: “పిల్లలకు సర్ది అయింది, మందు చెప్పండి.” గది ఎట్లుందని అడిగితే కిటికీలు మూసి, సందుల్లో గోనెసంచులు కుక్కి ఉంటాయి. ఇగానికి భయపడి చేసేదే, తప్పుపట్టలేం. కానీ పిల్లలు పోయేది ఎక్కువగా ఇక్కడే.

అపోహ: గది ఎంత బిగిస్తే పిల్లలకు అంత మంచిది.

వాస్తవం: వెచ్చదనానికి బల్బులున్నాయి. చలికాలంలో పిల్లకు 2 వాట్ల లెక్కన వేయండి. మొదటి వారం పిల్లల ఎత్తులో 95 డిగ్రీల ఫారన్‌హీట్, ఆపై వారానికి 5 తగ్గించాలి. గాలి ఆడని గదిలో కింద పరిచిన పొట్టు తడిసి, రెట్టతో కలిసి అమ్మోనియా అనే ఘాటు వాయువు లేస్తుంది. అది 25 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 25 పాళ్లు) దాటితే శ్వాసనాళంలో దుమ్మును బయటికి నెట్టే సన్నని నూగు దెబ్బతింటుంది. సీఆర్‌డీ (కోళ్లకు వచ్చే దీర్ఘకాలిక శ్వాస రోగం), ఈ.కోలై బ్యాక్టీరియా దూరేది అప్పుడే. రోజూ ఆ గదిలోనే తిరిగే ముక్కుకు వాసన తెలియదు. పొద్దున కాసేపు బయట ఉండి లోపలికి రండి, గొంతుక్కూర్చుని ముఖం పిల్లల ఎత్తుకు దించండి. కళ్లు మండాయా, ఆ గాలే పిల్లలు రాత్రంతా పీల్చాయి.

కిటికీ పరదాను కింది నుంచి పైకి కట్టి, పైన జానెడు వదలండి. గాలి పిల్లల మీద కొట్టదు, వాయువు పైనుంచి పోతుంది. వరి పొట్టు 2 అంగుళాలు పరిచి రోజూ కదిలించాలి. పిడికిట పట్టి వదిలితే ఉండగా నిలిచిందంటే తడి ఎక్కువైనట్టే, తీసేయండి. ఎక్కువగా తడిసేది నీళ్ల డబ్బా చుట్టే. డబ్బా అంచు పిల్ల వీపు ఎత్తుకు వచ్చేలా ఇటుక పెట్టండి.

తడి పొట్టు మీద సున్నం చల్లితే వాసన పోతుందంటారు. పోదు, అమ్మోనియా ఒక్కసారిగా ఇంకా లేస్తుంది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే కార్బన్ మోనాక్సైడ్‌తో పిల్లలే కాదు, పక్కన పడుకున్న మనుషులూ పోతారు. బూజు పట్టిన పొట్టు వాడితే వచ్చే బ్రూడర్ న్యుమోనియాకు యాంటీబయాటిక్ పనిచేయదు, అది శిలీంధ్రం. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే కోడిపిల్లలను పడకగదిలో పెంచొద్దు.

లసోటా (కొక్కెర తెగులు టీకా) చుక్కలు వేశాక కొన్ని రోజులు కొద్దిగా తుమ్మితే కంగారు పడకండి, అది టీకా ప్రభావం. మెడ చాచి నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ముఖం వాచినా, ఆకుపచ్చ రెట్ట వేస్తున్నా ఆగొద్దు. అప్పుడే చనిపోయిన పిల్లను కవర్‌లో కట్టి, ఐసు పక్కన పెట్టి అదేరోజు పశువుల దవాఖానకు తీసుకెళ్లండి. మర్నాటికి కుళ్లితే కోసి చూసినా ఏమీ తేలదు.