కాంటా దగ్గర కోత, తహసీల్ ఆఫీసులో బాండు

నల్లగొండ, సూర్యాపేట జిల్లాల్లో వడ్లు కొనుగోలు కేంద్రాలకు చేరిన ప్రతిసారీ ఒక పాత వాదన లేస్తుంది. కాంటాలు కావడం లేదని, లారీలు రావడం లేదని రైతులు రోడ్డు మీద వడ్లు పోసి కూర్చుంటారు. పోలీసులు వచ్చి లేపుతారు, నలుగురైదుగురి మీద కేసు రాస్తారు. మర్నాటి నుంచి రెండు మాటలు చక్కర్లు కొడతాయి. రోడ్డు ఆపితే కేసు పెట్టకుండా ఊరుకుంటారా అనేది ఒకటి. వడ్లు ఆరబెట్టుకోవడం ఎవరి పని, రైతు పని కాదా అనేది రెండోది. మొదటిది పోలీసుల సంగతి, రెండోది పైసల సంగతి అనుకుని విడివిడిగా మాట్లాడటంతోనే అసలు విషయం మరుగున పడుతోంది.

ఈ నేల మీద సాయుధ పోరాటం నుంచి సకల జనుల సమ్మె దాకా జరిగిందంతా అందరికీ తెలిసిందే. నేటి గొడవ అర్థం కావాలంటే అంత వెనక్కి పోనక్కర్లేదు. 2022 ఏప్రిల్ 6 దాకా పోతే చాలు.

యాసంగి (రబీ) వడ్లను పచ్చి బియ్యంగా ఆడిస్తే ఎండాకాలపు వేడికి గింజ పగిలి నూక ఎక్కువ పడుతుంది. అందుకే ఇక్కడి మిల్లులు వాటిని ఉప్పుడు బియ్యంగా మారుస్తాయి. ఆ బియ్యం ఇక తీసుకోబోమని కేంద్రం 2021లో చెప్పడంతో యాసంగి కొనుగోళ్లు సందిగ్ధంలో పడ్డాయి. అప్పటి రాష్ట్ర ప్రభుత్వాన్ని నడిపే పార్టీయే రోడ్డెక్కింది. 2021 నవంబర్ 12న నియోజకవర్గాల్లో ధర్నాలు, 18న ముఖ్యమంత్రే కూర్చున్న ఇందిరా పార్కు మహాధర్నా, 2022 ఏప్రిల్ 6న జాతీయ రహదారుల మీద రాస్తారోకో. ఆ రహదారుల్లో చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే విజయవాడ హైవే ఉంది. పాలమూరు మీదుగా పోయే బెంగళూరు హైవే ఉంది. 11న ఢిల్లీలో దీక్ష జరిగింది. 12న యాసంగి వడ్లను రాష్ట్రమే కొంటుందని ముఖ్యమంత్రి ప్రకటించారు.

ఆ వారం రోజుల్లో రైతు కళ్లారా చూసింది ఇది: వడ్ల కోసం హైవే మీద కూర్చోవడం న్యాయమైన పనేనని ప్రభుత్వంలో ఉన్నవాళ్లే చేసి చూపించారు, వడ్లు కొన్నారు కూడా. ఆ తర్వాతి సీజన్లలో అదే రైతు మహిళా సంఘాలు నడిపే ఐకేపీ కొనుగోలు కేంద్రం ముందు రోడ్డు మీద కూర్చుంటే అది నేరం. పార్టీలు మారాయి, ప్రభుత్వం మారింది, ఈ తేడా మారలేదు. ఎవరు కూర్చున్నారన్న దాన్ని బట్టి రోడ్డు దిగ్బంధం ఉద్యమమో నేరమో తేలుతోంది. ఇవాళ్టి కోపమంతా ఇక్కడి నుంచే వస్తోందని నా అభిప్రాయం.

ఇక బాధ్యత మాట. వడ్లలో తేమ 17 శాతానికి మించరాదు. మట్టి, రాళ్లు 1 శాతం, చెత్త, తాలు 1 శాతం దాటరాదు. దెబ్బతిన్న, రంగు మారిన, మొలకెత్తిన, పుచ్చిన గింజలన్నీ కలిపి 5 శాతం లోపే ఉండాలి. ఇవి కేంద్రం పెట్టిన నాణ్యతా ప్రమాణాలు. కోత మిషన్ నుంచి దిగిన వడ్లలో తేమ 20 శాతం పైనే ఉంటుంది కాబట్టి ఎండబెట్టి, తూర్పారబట్టి తేవడం రైతు పనే. దాన్ని ఎవరూ కాదనడం లేదు. ఆ పనికయ్యే నష్టం కూడా రైతే భరిస్తున్నాడు. 20 శాతం తేమ ఉన్న 100 కిలోలు 17 శాతానికి ఆరితే మిగిలేది 96.4 కిలోలు. అంటే 40 కిలోల బస్తాకు దాదాపు కిలోన్నర ఎండలోనే పోయింది.

అలా ఆరి, మీటర్ 17 చూపించిన తర్వాత జరిగేదే గొడవకు మూలం. గోనె సంచులు రావాలి, హమాలీలు దొరకాలి, కాంటా కావాలి, లారీ రావాలి, మిల్లులో దిగుమతి కావాలి, ఎన్ని వడ్లు దిగాయో మిల్లు రాసిచ్చే ట్రక్ షీట్ వెనక్కి రావాలి, అప్పుడు గానీ పైసలు ఖాతాలో పడవు. ఈ వరుసలో ఒక్కటీ రైతు చేతిలో లేదు. మిల్లు దగ్గర లారీలు బారులు తీరితే కేంద్రానికి ఖాళీ లారీ రాదు. లారీ రాకపోతే కాంటా అయిన బస్తాలు అక్కడే పడుంటాయి, కాంటా కాని కుప్పల మీద టార్పాలిన్లు కప్పి రాత్రంతా కాపలా ఉండాలి. ఒక్క వాన పడితే అడుగున నీళ్లు చేరి మొలకలొస్తాయి, 17 ఉన్న తేమ మళ్లీ పైకి పోతుంది. అప్పుడు మళ్లీ "ఆరబెట్టుకో, నీ బాధ్యత" అంటారు.

దీనికి తోడు తరుగు, అంటే తూకంలో తీసే కోత. సంచి బరువు కింద తీసే అర కిలో పైచిలుకు వేరు, మిల్లు పేరు చెప్పి తీసేది వేరు. బస్తాకు రెండు కిలోలు తీస్తే ఎంతవుతుందో లెక్క కట్టండి. నాలుగెకరాల్లో 100 క్వింటాళ్లు పండితే 250 బస్తాలు. 500 కిలోలు పోయాయి. 2025–26 ఏ గ్రేడ్ మద్దతు ధర 2,389 రూపాయల చొప్పున అది 11,945 రూపాయలు. ఎండలో పోయిన తూకానికి ఇది అదనం. ఈ కోతను రసీదు మీద రాసివ్వరు కాబట్టి అడిగేందుకు కాగితం ఉండదు. కాగితం లేనివాడు రోడ్డు మీదికొస్తాడు.

రోడ్డు మీదికొచ్చాక రెండో కోత మొదలవుతుంది. ఎఫ్ఐఆర్ సంగతి అందరూ మాట్లాడతారు గానీ, అంతకంటే ఎక్కువ పని చేసేది బైండోవర్. శాంతిభద్రతలకు భంగం కలిగిస్తారన్న సమాచారం ఉంటే, ఏడాది మించని కాలానికి శాంతికి భంగం కలిగించబోమని బాండు ఎందుకు రాయించుకోరాదో చెప్పమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ అడగవచ్చు. పాత సీఆర్‌పీసీలో (నేర విచారణ ప్రక్రియా చట్టంలో) ఇది సెక్షన్ 107. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 126. మండలంలో ఆ మేజిస్ట్రేట్ తహసీల్దారు. కొనుగోలు కేంద్రంలో సంచులు లేవని రైతు మొరపెట్టుకునేది కూడా చాలాసార్లు ఆయనకే. భువనగిరి వైపు రాచకొండ కమిషనరేట్ కింద ఉన్న రోజుల్లోనైతే ఈ అధికారం పోలీసు అధికారుల చేతిలోనే ఉండేది. పట్టుకునేవాళ్లు, బాండు రాయించుకునేవాళ్లు ఒకే శాఖ.

ఏడాది బాండు అంటే ఏమిటో రైతు క్యాలెండర్‌లో చూడాలి. ఏడాదిలో వానాకాలం కొనుగోళ్లు ఒకసారి, యాసంగి కొనుగోళ్లు ఒకసారి. బైండోవర్ అయిన మనిషికి రెండు పంటల సీజన్లలోనూ నోరు కట్టేసినట్టే. మళ్లీ ధర్నాలో కనిపిస్తే బాండు ఉల్లంఘన అంటారు. రాసిచ్చిన సొమ్ము, యాభై వేలో లక్షో, జప్తు కావచ్చు. జామీను ఇచ్చిన చుట్టం మీదా వసూలు పడుతుంది. గడువు ముగిసేదాకా జైల్లో పెట్టే వీలూ చట్టంలో ఉంది. ధర్నాకు ఊరంతా వస్తుంది, బాండు మాత్రం ఒక్కో మనిషి పేరు మీద ఉంటుంది. అందుకే ఊరు చల్లబడుతుంది.

చట్టం ఇంత సులువుగా రాయించుకోమని చెప్పలేదు. సురక్షా సంహిత సెక్షన్ 130 ప్రకారం మేజిస్ట్రేట్ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. అందిన సమాచారం ఏమిటి, బాండు సొమ్ము ఎంత, ఎంత కాలానికి, జామీనుదారులు ఎందరు అన్నవి అందులో ఉండాలి. సమన్లతో పాటు దాని కాపీ చేతికివ్వాలి. సెక్షన్ 135 కింద విచారణ జరగాలి, అది ఆరు నెలల్లో ముగియాలి. బాండు సొమ్ము మనిషి పరిస్థితికి మించి ఉండరాదు. విచారణ మొదలు కాకుండానే మధ్యంతర బాండు అడగరాదని 1970లోనే మధు లిమాయే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బాండు ఇమ్మన్న తుది ఉత్తర్వు మీద సెషన్స్ కోర్టుకు అప్పీలు ఉంది, సెక్షన్ 414.

ఆచరణలో తప్పేది ఎక్కడంటే, స్టేషన్‌కు పిలిచి అక్కడి నుంచే తహసీల్ ఆఫీసుకు తీసుకుపోయి, తయారుగా ఉన్న కాగితం మీద సంతకం పెట్టిస్తే విచారణ అనేదే ఉండదు. కాపీ అడగరు, ఇవ్వరు. కాపీ లేకపోతే అప్పీలు లేదు. ఉత్తర్వు కాపీ చదవకుండా సంతకం పెట్టకపోవడం, అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి ఆఫీసు ముద్ర వేయించుకోవడం, వకీలు కోసం గడువు అడగడం, ఈ మూడూ పట్టుబట్టి చేయాల్సినవి.

బేడీల సంగతి దీనికంటే ఎక్కువ మందికి తెలుసు. 2023 జూన్‌లో రీజినల్ రింగ్ రోడ్డు భూముల కోసం ఆందోళన చేసిన రాయగిరి రైతులను భువనగిరి కోర్టుకు బేడీలతో తెచ్చారు. 2024 నవంబర్ 11న లగచర్లలో కలెక్టర్ మీద దాడి జరిగిన కేసులో జైల్లో ఉన్న రైతును డిసెంబర్‌లో బేడీలతో ఆస్పత్రికి తెచ్చారు. 2025 జూన్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దన్న పెద్దధన్వాడ రైతులను అలంపూర్ కోర్టుకు అలాగే తెచ్చారు. చివరి రెండు సందర్భాల్లో కింది స్థాయి అధికారులను సస్పెండ్ చేశారు. కోర్టు అనుమతి లేకుండా బేడీలు వేయరాదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. సురక్షా సంహితలోని సెక్షన్ 43 బేడీలకు వీలిచ్చినా తీవ్రవాదం, హత్య, అత్యాచారం, మాదకద్రవ్యాల వంటి నేరాలకు, పదేపదే నేరం చేసేవాళ్లకు, తప్పించుకున్నవాళ్లకు మాత్రమే ఇచ్చింది. బేడీ ఫొటోకు చిక్కుతుంది కాబట్టి ప్రభుత్వం కదులుతుంది. వాయిదా వాయిదాకు పోయే కూలి, బస్సు కిరాయి, వకీలు ఫీజు ఫొటోకు చిక్కవు.

పోలీసుల వాదనలో నిజముంది. హైవే ఆగితే అంబులెన్స్ ఆగుతుంది, బస్సులో పసిపిల్లలుంటారు. ప్రజల దారిని ఎంతకాలమైనా ఆక్రమించుకుంటామంటే కుదరదని 2020 అక్టోబర్‌లో షాహీన్‌బాగ్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అధికారి మీద చెయ్యి చేసుకోవడాన్ని, వాహనాలు తగలబెట్టడాన్ని ఏ ధర్నా సమర్థించలేదు. నష్టం చేసినవాళ్ల నుంచి, పిలుపునిచ్చినవాళ్ల నుంచి పరిహారం రాబట్టాలని 2009లో అత్యున్నత న్యాయస్థానం ఇచ్చిన మార్గదర్శకాలు సమంజసమైనవే. కానీ అక్కడ ఎవరు ఏం ధ్వంసం చేశారో తేల్చాకే వసూలు. గంటసేపు వడ్ల కుప్ప పక్కన కూర్చున్న మనిషి దగ్గర ముందే బాండు తీసుకోవడానికి ఆ తీర్పు ఆధారం కాదు.

ఇప్పుడు వాదన మళ్లీ రాజుకోవడానికి ఇంకో కారణం జరిమానా. రోడ్డుకు అడ్డంకి కల్పించడానికి పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 283 కింద గరిష్ఠ జరిమానా 200 రూపాయలు ఉండేది. దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 285 కింద 5,000. మనిషిని దారిలో అడ్డగించినందుకు ఐపీసీ 341 కింద 500 ఉండేది, ఇప్పుడు న్యాయ సంహిత 126 కింద అదీ 5,000 దాకా. అయినా లోక్ అదాలత్‌లో ఒప్పేసుకుని ఫైన్ కట్టి బయటపడదామని చాలామంది అనుకుంటారు. నేరం ఒప్పుకుని జరిమానా కట్టడమంటే శిక్ష పడ్డట్టే, ఆ రికార్డు తర్వాతి బైండోవర్‌కు పనికొస్తుంది.

తెలంగాణ ఉద్యమ కేసులను రాష్ట్రం వచ్చాక ప్రభుత్వం విడతలుగా ఎత్తేసింది. అప్పుడు వాడింది సీఆర్‌పీసీ 321. సురక్షా సంహితలో ఇప్పుడది 360. పబ్లిక్ ప్రాసిక్యూటర్ దరఖాస్తు చేయాలి, కోర్టు ఒప్పుకోవాలి. వడ్ల ధర్నా కేసులకూ ఆ దారి తెరిచే ఉంది. ప్రభుత్వం జాబితా తయారు చేయించి, జీవో ఇచ్చి, ప్రాసిక్యూటర్లకు పంపాలి. బైండోవర్ బాండ్లు మాత్రం ఆ జీవోలోకి రావు. వాటిని రద్దు చేసే అధికారం జిల్లా మేజిస్ట్రేట్‌కు, అంటే కలెక్టర్‌కు ఉంది కాబట్టి ఆ అర్జీ విడిగా ఆయనకు పెట్టుకోవాలి.