వికీపీడియాలో మూలాలు: అపోహలు, వాస్తవాలు

"మా ఊరి గురించి ఇంటర్నెట్‌లో ఏమీ లేదండీ, మూలం ఎక్కడి నుంచి తెమ్మంటారు?" నెల్లూరులో తెలుగు వికీపీడియా మాట ఎత్తితే చాలు, ఈ ప్రశ్న వస్తుంది. అడిగేవారిలో ఎక్కువ మంది విశ్రాంత ఉపాధ్యాయులు, సొంత ఊరి మీద మమకారం ఉన్నవారు. తాము రాసిన వాక్యం పక్కన "ఆధారం చూపాలి" అన్న మాట కనబడగానే అబద్ధమాడుతున్నారని అన్నట్టు చిన్నబుచ్చుకుంటారు. మళ్లీ రాయరు. పోయేది ఆ ఊరి చరిత్రే.

అపోహ: మూలం అంటే ఇంటర్నెట్ లింకు.

వాస్తవం: కాదు, కాదు, కాదు. అచ్చయిన పుస్తకం మూలమే. పాత దినపత్రిక, గెజిటీరు (జిల్లా వివరాలతో ప్రభుత్వం వేసే పుస్తకం), జనగణన పుస్తకం కూడా మూలాలే. తెర మీద కనబడాలన్న నియమం లేదు, ఉచితంగా దొరకాలన్న నియమమూ లేదు. అనుమానం వచ్చినవారు వెతికి సరిచూసుకోగలిగితే చాలు. అందుకే రచయిత, పుస్తకం పేరు, ప్రచురణ సంవత్సరం, పేజీ సంఖ్య అడుగుతాం. పత్రికైతే తేదీ, పేజీ, ఏ ఊరి ఎడిషనో చెప్పాలి. లావుపాటి పుస్తకం పేరొక్కటి రాసి పేజీ చెప్పకపోతే చదివేవారిని అడవిలో వదిలేసినట్టే.

లింకు కోసం పాకులాడితే ఏమవుతుందో రోజూ చూస్తున్నాను. గూగుల్‌లో ఊరి పేరు వెతుకుతారు. పిన్‌కోడు, జనాభా, దగ్గరి రైల్వే స్టేషన్ అంటూ ఎవరో గంపగుత్తగా తయారుచేసిన సైట్లు వస్తాయి. అందులో సరుకు చాలావరకు వికీపీడియా నుంచి ఎత్తిందే. దాన్ని తెచ్చి మళ్లీ వికీపీడియాకు మూలంగా పెడతారు. తప్పు ఉంటే అది రెండు చోట్లా ఒకదానికొకటి వత్తాసు పలుకుతూ స్థిరపడుతుంది.

ఉదయగిరి వైపు ఒక మాస్టారు ఊరి గుడి ముందున్న శాసనాన్ని ఫోటో తీసి, తానే చదివి, వ్యాసంలో పెట్టారు. ఎవరో తీసేశారు. ఫోనులో ఆయన గొంతు వణికింది: "నా కళ్లతో చూశాను బాబూ, రాయి అబద్ధమాడుతుందా?" ఆడదు మాస్టారూ. కానీ రాయిని చదివి అర్థం చెప్పడం పరిశోధన. అది ముందు వేరే చోట అచ్చయితే వికీపీడియా వాడుకుంటుంది. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు నెల్లూరు జిల్లా శాసనాలను సేకరించి 1905లోనే మూడు సంపుటాలుగా అచ్చువేయించారు. తాలూకాలవారీగా, ప్రతి శాసనానికీ సంఖ్యతో ఉంటాయి. స్కాన్ ప్రతి తెరిచి ఉదయగిరి తాలూకా పేజీలు తిప్పుతూ పోతే ఆయన రాయి దొరికింది. మాస్టారు రాజు పేరనుకున్నది దానమిచ్చిన మనిషి పేరట. పేరా సవరించి సంపుటం, పేజీ, శాసన సంఖ్య రాశాం. ఇప్పటికీ ఎవరూ కదపలేదు.

ఉమ్మడి ప్రకాశం జిల్లావారికి ఇంకో చిక్కు. పాత పుస్తకాల్లో "ప్రకాశం" అని వెతికితే ఏమీ దొరకదు. ఒంగోలు జిల్లాగా ఏర్పడింది 1970లో, ప్రకాశం పేరు వచ్చింది 1972లో. కనిగిరి, పొదిలి, కందుకూరు ఊళ్ల కోసం నెల్లూరు పుస్తకాలు చూడాలి. మార్కాపురం, గిద్దలూరు అయితే కర్నూలువి. ఒంగోలు 1904లో గుంటూరు జిల్లాకు వెళ్లినా 1905 నాటి నెల్లూరు శాసన సంపుటాల్లోనే ఉంది, కాబట్టి రెండు చోట్లా చూడండి. జనాభా అంకెలతోనూ ఇదే తంటా: 2011 జనగణన ప్రకాశానికి చెప్పిన 33.97 లక్షలు అప్పటి హద్దులది. 2022లో కందుకూరు నెల్లూరుకు, అద్దంకి, చీరాల బాపట్లకు వెళ్లి హద్దులు మారాక కూడా అదే అంకె అంటిస్తే ఎలా?

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

ఇంగ్లీషు మూలమే కావాలంటారు. అక్కర్లేదు, తెలుగు పుస్తకం నిక్షేపంలా పనికొస్తుంది.

మూలాలు ఎన్ని ఉంటే అంత మంచిదంటారు. ఒక్క వాక్యానికి ఆరు తగిలించడం కంటే, ఆ వాక్యం నిజంగా ఉన్న ఒక్కటి మేలు.

స్థలపురాణం రాయకూడదంటారు. భేషుగ్గా రాయొచ్చు, "స్థలపురాణం ప్రకారం" అని చెప్పి, అచ్చయిన చోటు చూపించి. గుడిలో దేవుణ్ణి అగస్త్యుడు ప్రతిష్ఠించాడని చరిత్ర విభాగంలో రాస్తేనే పేచీ. వాట్సాప్‌లో వచ్చింది మాత్రం ఏ విభాగానికీ పనికిరాదు.

తీసేస్తే రాసిందంతా పోయినట్టేనని బెంగపడతారు. వ్యాసంలోంచి తీసేసిన పేరా ఎక్కడికీ పోదు, పేజీ చరిత్రలో పాత కూర్పు అలాగే ఉంటుంది. వ్యాసానికి జతగా ఉండే చర్చ పేజీలో "ఎందుకు తీశారు?" అని మర్యాదగా అడగండి, చాలామంది జవాబిస్తారు.

నిర్వాహకులకు డబ్బు ముడితే వ్యాసం నిలుస్తుందన్న పుకారు ఒకటి తిరుగుతోంది. వింటేనే ఒళ్లు మండుతుంది. నిర్వాహకులు జీతం లేని స్వచ్ఛంద సేవకులు. "మీ వ్యాసం తొలగించకుండా చూస్తాం, ఇంత పంపండి" అని ఎవరైనా ఫోను చేస్తే అది మోసం. పైసా పంపకండి, ఆ సంగతి తెలుగు వికీపీడియాలో అందరూ మాట్లాడుకునే రచ్చబండ పేజీలో రాయండి.